పాత సంగతి ఎత్తొద్దంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నేను ఒక జిల్లా కేంద్రంలోని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో అడ్మిన్ ఆఫీసర్‌ని. తల్లిదండ్రులతో, విలేకరులతో మాట్లాడే పని కూడా నాదే. మూడేళ్ల కిందట మా హాస్టల్లో 60 మందికి పైగా పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడు మేనేజ్‌మెంట్ ‘వైరల్ ఫీవర్లు, పుకార్లు నమ్మొద్దు’ అని ప్రెస్ నోట్ ఇచ్చింది. వారం తిరక్కుండా నీటి సంపు కలుషితమైందని అధికారుల పరీక్షలో తేలింది. ఆర్‌ఓ ప్లాంట్ పెడతామని, పదిహేను రోజులకోసారి ట్యాంకులు కడిగిస్తామని, తల్లిదండ్రులతో మెస్ కమిటీ వేస్తామని అప్పుడు రాసిచ్చారట. నేను చేరింది ఆ తర్వాతే. మొన్న ఆదివారం రాత్రి మళ్లీ 14 మందికి వాంతులయ్యాయి. అందరూ కోలుకుంటున్నారు. కారణం ఇంకా తెలియదు. ఔటింగ్‌కి వెళ్లినప్పుడు బయట తిన్నారని వార్డెన్ అంటున్నారు. శాంపిల్స్ ల్యాబ్‌కి వెళ్లాయి. మా డైరెక్టర్ గారు ‘పాత సంగతి ఎత్తొద్దు, కొత్త మేనేజ్‌మెంట్ వచ్చాక ఇదే మొదటిసారి అని రాయండి’ అంటున్నారు. పేరెంట్స్ గ్రూపులో మాత్రం అప్పటి పేపర్ కటింగులు తిరుగుతున్నాయి. ఈసారి నిజంగా మా తప్పు లేకపోవచ్చు కదా! అయినా పాతది మేమే ఎత్తాలా? టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు.
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నేను ముందు వెతుక్కున్నది ‘అందరూ కోలుకుంటున్నారు’ అన్న ముక్క. అది నిజమైతే మిగిలినవన్నీ సరిచేసుకోగలిగినవే.

మీరు అడిగినదానికి సూటిగా చెప్తాను. ఎత్తాలి, మీరే ఎత్తాలి. ఉత్తరం చివర్లో ఎక్కడో కాకుండా మొదట్లోనే ఎత్తాలి. ‘ఇదే మొదటిసారి’ అన్న మాట మాత్రం ఎవరు చెప్పమన్నా రాయకండి. మేనేజ్‌మెంట్ చేతులు మారి ఉండొచ్చు, కానీ తల్లిదండ్రులు చూసేది గేటు మీదున్న బోర్డును. బోర్డు మీద పేరు అదే అయినప్పుడు పాత బాకీ కూడా ఆ పేరు మీదే ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట నేనొక పాల డెయిరీలో మీలాంటి పనే చేసేవాణ్ణి. ఒక వేసవిలో ప్యాకెట్ పాలు తాగిన పిల్లలకు కడుపులో నొప్పి వచ్చిందని గొడవైంది. నేను చేరకముందు కూడా ఒకసారి అలాంటిదే జరిగిందని విన్నాను కానీ ఆ ఫైలు తీసి చూడలేదు. నాణ్యతలో రాజీ లేదు, వదంతులు నమ్మొద్దు అని ఒక ఖండన రాసి పంపేశాను. మర్నాడు గేటు దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల పేపర్ ముక్క తీశారు. మడతల దగ్గర అచ్చు చెరిగిపోయి ఉంది, అయినా ఆయనకు అది కంఠతా వచ్చు. నాలుగేళ్ల కిందట మా డెయిరీ ఇచ్చిన ప్రకటన అది. ‘నెల రోజుల్లో ప్రతి చిల్లింగ్ సెంటర్లో పరీక్ష యంత్రం పెడతాం’ అన్న లైను మీద వేలు పెట్టి, ‘పెట్టారా బాబూ?’ అని మెల్లగా అడిగారు. పెట్టారో లేదో నాకు తెలియదు. ఆయన కోప్పడలేదు. కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత నేను ఏ సంస్థకు పనిచేసినా, పాత ప్రకటనల ఫైలు చదవకుండా కొత్తది ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మీ గ్రూపులో తిరుగుతున్న కటింగులు కూడా ఆ పేపర్ ముక్కలాంటివే. మీరు ఏది రాసినా తల్లిదండ్రులు దాన్ని పాతదాని పక్కన పెట్టుకునే చదువుతారు.

టిమోతీ కూంబ్స్ అనే అమెరికన్ పరిశోధకుడు దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఒక సంస్థలో ఏదైనా జరిగినప్పుడు జనం ముందు వేసుకునే ప్రశ్న ‘ఇందులో వీళ్ల తప్పెంత?’ అన్నది. దాన్ని బట్టి ఆయన సంక్షోభాలను మూడు రకాలుగా చూశారు: సంస్థ కూడా బాధితురాలే అయినవి, అనుకోకుండా జరిగిన ప్రమాదాలు, జాగ్రత్తపడితే ఆగి ఉండేవి. ఇంతకు ముందు అలాంటిదే జరిగి ఉంటే జనం ఒక మెట్టు ఎక్కించి చూస్తారని ఆయన చెప్పింది. ప్రమాదాన్ని నిర్లక్ష్యంగా లెక్కిస్తారు, సంస్థ బాధితురాలే అయినా కొంత తప్పు దాని మీదే వేస్తారు. అంటే సమాధానం కూడా ఒక మెట్టు పైనుంచే రావాలి. ఇంకో సంగతి కూడా ఆయన పరిశోధనల్లో తేలింది. మంచి గతం కష్టకాలంలో మనం అనుకున్నంతగా కాపాడదు, చెడ్డ గతం మాత్రం వెల్క్రోలా పట్టుకుంటుంది. మన పొలం గట్ల మీద ఉత్తరేణి గింజలు బట్టలకు అంటుకుంటాయి చూడండి, అలా అన్నమాట. మీ కాలేజీకి ఎన్ని ర్యాంకులు వచ్చాయో ఈ ఉత్తరంలో రాయమని ఎవరైనా అంటే దయచేసి వద్దనండి.

ఆ గింజలు మన గట్టువే కానక్కర్లేదు కూడా. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకైనప్పుడు, చాలామంది నోట వచ్చిన మాట 1984 నాటి భోపాల్. కంపెనీ వేరు, రసాయనం వేరు, మధ్యలో 35 ఏళ్ల దూరం. అయినా భయానికి అవేవీ అడ్డురాలేదు. హాస్టళ్లలో కలుషితాహారం వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నిసార్లు చదివి ఉంటారో మీ తల్లిదండ్రులు! వాటన్నిటి బరువూ మీ 14 మంది వార్త మీద పడుతుంది.

‘ఈసారి మా తప్పు లేకపోవచ్చు కదా’ అన్నారు. లేకపోవచ్చు. మలేషియా ఎయిర్‌లైన్స్‌కి జరిగింది చూడండి. 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన ఎంహెచ్370 విమానం 239 మందితో మాయమైంది. సంస్థ తొలి ప్రకటన ఉదయం 7:24కి వచ్చింది. అప్పటికి విమానం తప్పిపోయి ఆరు గంటలు. సంబంధాలు తెగిన సమయం 2:40 అని అందులో రాశారు, నిజానికి అది 1:20 ప్రాంతమని తర్వాత తేలింది. మార్చి 24న, ఎవరూ బతికి లేరన్న కబురు కొన్ని కుటుంబాలకు ఇంగ్లిష్‌లో ఎస్ఎంఎస్‌గా చేరింది. తమ మనిషి ఇక లేడన్న సంగతిని ఫోన్ తెర మీద చదువుకున్న వాళ్ల స్థితి ఊహించండి.

నాలుగు నెలలకే, జులై 17న, అదే సంస్థ విమానం ఎంహెచ్17ను తూర్పు ఉక్రెయిన్ మీద క్షిపణి కూల్చేసింది. 298 మంది పోయారు. ఆ క్షిపణి విమాన సంస్థది కాదు. ఆ గగనతలంలో వేరే సంస్థల విమానాలూ తిరుగుతూనే ఉన్నాయి. విడిగా చూస్తే జాలిపడాల్సిన ఘటన. కానీ మార్చి జ్ఞాపకం పచ్చిగా ఉంది కాబట్టి ప్రయాణికులు ఆ పేరు వింటేనే జంకారు. ఆగస్టులో 6,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. సెప్టెంబరులో అదే సంస్థ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఒక పోటీ పెట్టింది: ‘మీ బకెట్ లిస్ట్ రాయండి, టికెట్లు గెలుచుకోండి.’ బకెట్ లిస్ట్ అంటే చనిపోయేలోపు చేయాలనుకున్న పనుల చిట్టా. వేరే ఏ విమాన సంస్థ పెట్టినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. వీళ్లు మాత్రం విమర్శలు పడి ఆ పేరు తీసేయాల్సి వచ్చింది.

గతం మన దగ్గర్నుంచి కొన్ని మాటలు లాగేసుకుంటుందని చెప్పడానికే ఇదంతా. మీ కాలేజీ విషయంలో ఆ మాటలేవో నాకు కనిపిస్తున్నాయి. ‘పుకార్లు’, ‘వైరల్’, ‘కొందరు గిట్టనివాళ్లు’. ఇవి మూడేళ్ల కిందటే ఖర్చయిపోయాయి. వాటి వరసలోనే వచ్చేది ‘పిల్లలు బయట తిన్నారు’. వార్డెన్ చెప్పింది నిజమే కావచ్చు, అయినా ల్యాబ్ రిపోర్టు రాకముందు మీ నోట రాకూడదు. అప్పుడు వైరల్ ఫీవర్ అన్నారు, ఇప్పుడు బయటి బిర్యానీ అంటున్నారు అని వినిపిస్తుంది అవతలివాళ్లకు. పైగా సెలైన్ ఎక్కించుకుంటున్న పిల్లల మీదే నెపం వేసినట్టవుతుంది.

మాటల్లాగే పాత పరిష్కారాలు కూడా రెండోసారి సరిపోవు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలినాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. కంపెనీ చేసిన నేరం కాకపోయినా జాన్సన్ అండ్ జాన్సన్ 3 కోట్లకు పైగా సీసాలు వెనక్కి తీసుకుని, ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే సీళ్లతో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. దీన్ని ఇప్పటికీ పాఠంగా చెప్తారు. 1986 ఫిబ్రవరిలో జరిగింది మాత్రం తక్కువమందే చెప్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక యువతి అలాంటి క్యాప్సూల్‌తోనే చనిపోయింది. ఇంకా గట్టి సీళ్లు వేస్తామంటే ఆ రోజు ఎవరూ వినేవారు కాదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మందుల్లో క్యాప్సూళ్లు చేయడమే కంపెనీ మానేసింది. మీరు మళ్లీ ‘ట్యాంకులు కడిగిస్తాం’ అని రాస్తే అది పాత సీలు. ఈసారి ఇంకొంచెం ముందుకెళ్లాలి. కడిగేటప్పుడు తల్లిదండ్రులే వచ్చి చూడాలి, నీటి పరీక్ష రిపోర్టు ప్రతి నెలా మెస్ గోడకు అంటించాలి.

ఇక నాసా. కల్పనా చావ్లా పోయిన రోజు మన ఇళ్లలో కూడా చాలామంది ఏడ్చారు, అందుకే ఇది చెప్పకుండా ఉండలేను. 1986 జనవరి 28న ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక (షటిల్) ఎగిరిన 73 సెకన్లకు పేలిపోయింది. ఏడుగురు వ్యోమగాములు. టీవీలో అందరూ కళ్లారా చూశారు, అయినా నాసా అధికారులు విలేకరుల ముందుకు రావడానికి గంటలు పట్టింది. ఆ తర్వాత కూడా నోరు విప్పలేదన్న అపవాదు చాలాకాలం మోశారు. 2003 ఫిబ్రవరి 1న కల్పన ఉన్న కొలంబియా షటిల్ తిరిగొస్తూ విరిగిపోయినప్పుడు వాళ్లు మారి కనిపించారు. ఆ మధ్యాహ్నమే నాసా అధిపతి షాన్ ఓకీఫ్ మాట్లాడారు. షటిల్ కార్యక్రమ మేనేజర్ రాన్ డిటిమోర్ గంటల తరబడి ప్రశ్నలకు జవాబులిచ్చారు. పాత దెబ్బ నుంచి ఇలా మాట్లాడటం నేర్చుకున్నారు, అది మెచ్చుకోవాలి.

కానీ దర్యాప్తు బోర్డు ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఒక అధ్యాయం పేరే ‘చరిత్రే కారణం’ అని వస్తుంది. ఛాలెంజర్‌కు ముందు చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు బిగుసుకుంటాయని ఇంజినీర్లు చెప్తే వినలేదు. కొలంబియా ఎగిరేటప్పుడు ఫోమ్ ముక్క రెక్కకు తగిలింది, ఫొటోలు తీయించండని ఇంజినీర్లు అడిగితే పక్కన పెట్టేశారు. రెండు దర్యాప్తుల్లోనూ సభ్యురాలిగా ఉన్న ఒకే ఒక్క మనిషి, వ్యోమగామి శాలీ రైడ్, రెండోదాంట్లో ఛాలెంజర్ ప్రతిధ్వనులు వినిపిస్తున్నాయన్నారు. మాట్లాడే పద్ధతి మారింది కానీ లోపలి అలవాటు మారలేదు. అందుకే అమ్మా, మీరు ఉత్తరం రాయడానికి కూర్చునేముందు మెస్ దాకా నడిచి వెళ్లాలి.

ఈ రోజే వెళ్లండి. అప్పుడు రాసిచ్చిన కాగితం తీసుకెళ్లండి. అందులోవి మూడు మాటలు. ఆర్‌ఓ ప్లాంట్ నడుస్తోందా, ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారు? సంపు మూత తీయించి లోపలికి చూడండి. ట్యాంకు కడిగిన రిజిస్టర్ అడగండి. తేదీలన్నీ ఒకేసారి కూర్చుని ఒకే పెన్నుతో రాసినట్టుంటే మీకే తెలిసిపోతుంది. మెస్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఎవరు సంతకం పెట్టారు? 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ విమానానికి గాల్లో తలుపు ప్యానెల్ ఊడిపోయింది. అంతకు ముందు అదే 737 మాక్స్ రకం విమానాలు రెండు కూలి 346 మంది చనిపోయారు. ఈసారి బోయింగ్ అధిపతి నాలుగు రోజుల్లోనే తప్పు ఒప్పుకున్నారు. కానీ ఫ్యాక్టరీలో ఆ ప్యానెల్ విప్పి బిగించిన పనికి రికార్డే లేదని తేలింది. ఆ తర్వాత ఎంత మంచిగా మాట్లాడి ఏం లాభం? మీ రిజిస్టర్ దగ్గర అలా జరగకూడదు. లేని ఎంట్రీలు ఇప్పుడు పూడ్చమని ఎవరైనా అంటే ఆ పనికి మాత్రం చేయి కలపకండి.

మెస్ నుంచి వచ్చాక ఫోన్లు చేయండి. ఆ 14 మంది తల్లిదండ్రులకు మీరే, ఒక్కొక్కరికీ. వాళ్లకు చెప్పకుండా గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. వాట్సాప్ మెసేజ్ ఆ తర్వాతే. ఇదిగో, నేనైతే ఇలా రాస్తాను. వివరాలు నేను ఊహించినవి, మీరు చూసినవి పెట్టుకోండి.

‘తల్లిదండ్రులందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి మన హాస్టల్లో 14 మంది పిల్లలకు వాంతులయ్యాయి. 11 మంది తిరిగి వచ్చేశారు, ముగ్గురు ఆసుపత్రిలో కోలుకుంటున్నారు. మూడేళ్ల కిందట ఇదే హాస్టల్లో 60 మందికి పైగా పిల్లలు జబ్బుపడ్డారు. వైరల్ ఫీవర్లని అప్పుడు మా సంస్థ చెప్పిన మాట తప్పు, నీటి సంపు కలుషితమైంది. అప్పుడిచ్చిన మూడు హామీల్లో ఆర్‌ఓ ప్లాంట్ పెట్టాం, పనిచేస్తోంది. ట్యాంకులు కడగడం నాలుగు నెలలుగా సరిగా జరగలేదు. మెస్ కమిటీ ఏడాదిగా కూర్చోలేదు. ఇవి మా లోపాలు. ఈసారి పిల్లలు ఎందుకు జబ్బుపడ్డారో ఇంకా తెలియదు. ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజే, ఎలా ఉంటే అలా ఇక్కడ పెడతాం. అప్పటిదాకా తాగడానికీ వంటకూ బయటి క్యాన్ల నీళ్లే వాడుతున్నాం. శుక్రవారం ఉదయం 10 గంటలకు ట్యాంకులు కడిగిస్తాం, వీలున్నవారు వచ్చి చూడండి. ఎప్పుడైనా నాకు ఫోన్ చేయవచ్చు.’

పాత సంగతికి ఇందులో ఎంత చోటు ఇచ్చానో చూడండి. రెండు వాక్యాలు, ఆ తర్వాత హామీల లెక్క. అంతకంటే పొడిగించి అప్పటి పిల్లల బాధంతా మళ్లీ తవ్వనవసరం లేదు. మీ కాలేజీకి ఫీజుల గొడవో, లెక్చరర్ల జీతాల గొడవో ఉండి ఉంటే వాటినీ ఇందులోకి తేవొద్దు. ఒకే రకం ఘటన మళ్లీ జరిగినప్పుడే పాతది చెప్పి తీరాలి. ఇంకో మాట, అధికారులు శాంపిల్స్ తీసుకోవడం పూర్తయిందని వాళ్ల దగ్గర రూఢి చేసుకున్నాకే ట్యాంకులు కడిగించండి. లేకపోతే ఆధారాలు చెరిపేశారంటారు.

డైరెక్టర్ గారు లాయర్ మాట చెప్తారు, తప్పు ఒప్పుకుంటే కేసవుతుందని. ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఆయనతో ఇలా అనండి: ‘సార్, మూడేళ్ల కిందటి రిపోర్టు అధికారుల దగ్గరే ఉంది, పేపర్లలో వచ్చింది. మనం దాన్ని చెప్తే కొత్తగా ఒప్పుకునేదేమీ లేదు. ఈసారి కారణం తెలియదని రాస్తున్నాం, అది నిజం. ట్యాంకుల సంగతి మనం చెప్పకపోతే రేపు ఎవరో వంటమనిషి విలేకరికి చెప్తాడు.’ డ్రాఫ్టును లాయర్‌కి చూపించండి, అభ్యంతరమున్న మాట ఏదో చెప్పమనండి. మొత్తం ఉత్తరం ఆయన్ను రాయనివ్వకండి. అయినా డైరెక్టర్ గారు ‘మొదటిసారి’ అనే పెట్టాలంటే, ఆ మెసేజ్ కింద మీ పేరు వద్దని నెమ్మదిగా చెప్పండి. ఉద్యోగం చేస్తూ అలా అనడం కష్టమని నాకు తెలుసు. కానీ గేటు దగ్గర పేపర్ ముక్క తీసి చూపించేవాళ్లకు జవాబు చెప్పాల్సింది మీరు.

చివరగా ఒకటి. అప్పుడు జబ్బుపడిన పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయి ఉంటారు. వాళ్ల చెల్లెళ్లు, తమ్ముళ్లు ఇప్పుడు మీ హాస్టల్లో ఉండే ఉంటారు, అడ్మిషన్ ఫారాలు చూస్తే దొరుకుతాయి. ఆ పిల్లలు ఈ 14 మందిలో లేకపోయినా ఆ ఇళ్లకు విడిగా ఫోన్ చేయండి. వాళ్లు ఒకసారి ఆ రాత్రి చూసినవాళ్లు. సాయంత్రం స్టడీ అవర్స్ మొదలయ్యేలోపు చేస్తే, పిల్లను పిలిచి అమ్మతో మాట్లాడించవచ్చు.